చేదా, వగరా, ఘాటా? ఒక రెడ్ వైన్ కేసు

"ఏం బాబూ, ఇది వైనా, కషాయమా?" అని అడిగారు ఆ పెద్దాయన. కొడుక్కి ప్రమోషన్ వచ్చిందని ఇంటిల్లిపాదీ భోజనానికి వచ్చారు. నాటుకోడి ఇగురు, గారెలు, పక్కన ఒక గ్లాసు కాబర్నే అనే కాలిఫోర్నియా రెడ్ వైన్. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కకు జరిపి మజ్జిగ తెప్పించుకున్నారు. డబ్బులు మాత్రం ఇచ్చే వెళ్లారు, నాకు బాధ కలిగింది అందుకే.

మాది కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్ల రెస్టారెంట్. బార్ బాధ్యత నాది. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుని, ఇక్కడికి వచ్చాక వైన్ పరీక్షలు రాసి ఈ పనిలో కుదురుకున్నాను. బీర్, విస్కీ, కాక్‌టెయిళ్లతో ఎప్పుడూ టెన్షన్ లేదు. వైట్ వైన్ కూడా నెమ్మదిగానైనా పోయేది. రెడ్ దగ్గరే ఆగిపోయేది. 750 మిల్లీలీటర్ల బాటిల్ నుంచి 150 చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. రెండు గ్లాసులు అమ్మి, మిగతాది మూడో రోజుకు వాసన పోయి సింక్‌లో పారబోయడం మాకు అలవాటైపోయింది. అమ్ముడైన గ్లాసుల్లోనూ సగం నిండుగా టేబుల్ మీదే ఉండిపోయేవి. టేబుల్ తుడిచే కుర్రాడే మాకు అసలు సర్వే.

అడిగితే అందరిదీ ఒకటే మాట, "చేదుగా ఉందండీ."

మొదట నేను తప్పు వైద్యం చేశాను. మనవాళ్లకు డ్రై వైన్, అంటే తీపి లేని వైన్, అలవాటు లేదు, కాస్త తీపి ఉంటే తాగుతారు అనుకుని తియ్యటి రెడ్ ఒకటి తెచ్చిపెట్టాను. కొందరు తాగారు. విస్కీ, బీర్ రుచి బాగా ఎరిగిన వాళ్లయితే "ఇదేదో దగ్గు మందులా ఉంది" అన్నారు. అంతకు ముందు కషాయం, ఇప్పుడు దగ్గు మందు. నా బార్ ఆయుర్వేద దుకాణం అయ్యేలా ఉందని మాస్టర్ నవ్వాడు. మా వంటగదికి పెద్ద ఆయనే, గుంటూరు దగ్గర పల్లెవాడు. ఆ నవ్వులోంచే నాకు దారి దొరికింది.

"చేదు అంటున్నారు సరే, కాకరకాయ చేదా?" అని అడిగాడు. నేను ఆగిపోయాను. కాబర్నేలో కాకరకాయ చేదు ఉండదు. వాళ్లు చేదు అంటున్నది వేరే దేన్నో.

మన భాషలో దీనికి మాట ఉంది, వాడటం మానేశామంతే. వగరు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ లెక్కపెట్టుకుని తిన్నవాళ్లమే. పచ్చి అరటికాయ, పూర్తిగా పండని నేరేడు, మామిడి పిందె తిన్నప్పుడు నోరు ఆరిపోయి, చిగుళ్లు పట్టేసినట్టు అయ్యే ఆ గుణం వగరే. సంస్కృతంలో ఆ రుచి పేరు కషాయం. అంటే ఆ పెద్దాయన వెటకారంగా అన్న మాటే సరైన నిర్ధారణ అన్నమాట! వైన్ పుస్తకాల్లో టానిన్ అని పేజీలకు పేజీలు చెప్పేది దీని గురించే. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి, కొత్త ఓక్ పీపాలోంచి వచ్చే టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. నోట్లో ఉండే జిగి పోయి గరుకు మిగులుతుంది. చేదు ఒక రుచి. వగరు అంటే సగం స్పర్శ.

తర్వాతి వారం ఒక నోట్‌బుక్ పెట్టాను. అందులో మూడు నిలువు గీతలు, చేదు, వగరు, ఘాటు. గ్లాసు పక్కన పెట్టేసిన ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లి ఒకే ప్రశ్న అడిగేవాణ్ని. "కాకరకాయలా ఉందాండీ, నోరు ఆరిపోయినట్టుందా, గొంతులో మండినట్టుందా?" ఇంగ్లీషులో అడిగితే అందరూ 'బిటర్' అనేవారు. తెలుగులో అడిగితే క్షణం ఆలోచించి, నాలుక చిగుళ్ల మీద తిప్పుకుని, కచ్చితంగా చెప్పేవారు. వగరు గడి ముందు నిండింది. దాని వెనకాలే ఘాటు. చేదు గడిలో పడినవి చాలా కొద్ది.

వెయిటర్లకు కూడా తేడా తెలియాలి కదా. మధ్యాహ్నం ఖాళీ వేళ మూడు కప్పులు పెట్టాను. ఒకదాంట్లో కాకరకాయ ముక్కలు నానబెట్టిన నీళ్లు, రెండోదాంట్లో పావుగంట మరిగించిన పాలు లేని టీ డికాక్షన్, మూడోదాంట్లో రెండు చెంచాల విస్కీ. మూడోదానికి పోటీ ఎక్కువైంది. అయినా పాఠం ఎక్కింది, ఆ రోజు నుంచి మావాళ్లెవరూ గెస్టుతో 'మీడియం బాడీ' లాంటి వైన్ పుస్తకం మాట అనలేదు.

ఇప్పుడు జబ్బు రెండు ముక్కలైంది, వగరు, ఘాటు. ఒకదానికి మందు వేస్తే రెండోది పెరుగుతుందని తర్వాత తెలిసింది.

ఘాటు సంగతి ముందు చెప్తాను, అందులో తప్పంతా మాదే కాబట్టి. రెడ్ బాటిళ్లు వంటగది కిటికీ పక్కన అరమీద ఉండేవి. థర్మామీటర్ పెట్టి చూస్తే గ్లాసులో వైన్ 26 డిగ్రీలు! 'రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలి' అనే మాట పాతకాలపు యూరప్ ఇళ్లది. ఆ గదులు ఇప్పటి మన గదుల కంటే చల్లన. పదహారు, పద్దెనిమిది డిగ్రీలు అనుకోండి. తందూరీ పొయ్యి పక్క గది ఆ లెక్కలోకి రాదు. వేడెక్కిన వైన్‌లోంచి ఆల్కహాల్ ఆవిరి ముందు ముక్కులోకి కొడుతుంది. పైగా మన కూరలో కారం ఉంది. మిరపలోని కాప్సైసిన్ నోట్లోని వేడిని పసిగట్టే గ్రాహకాన్ని మేల్కొలుపుతుంది, ఆల్కహాల్ కూడా అదే గ్రాహకాన్ని ఇంకా సున్నితం చేస్తుంది. దానితో మామూలు వెచ్చదనం కూడా మంటలా తోస్తుంది. 14.5 శాతం కాబర్నే, గుంటూరు కారం, 26 డిగ్రీలు. ఆ పెద్దాయన మజ్జిగ అడగడంలో వింతేముంది?

సరే, చల్లబరిస్తే పోలా అనుకుని అదే కాబర్నేను ఫ్రిజ్‌లో పెట్టి 13 డిగ్రీలకు దించి నేను, మాస్టర్ తాగి చూశాం. ఘాటు తగ్గింది. వగరు మాత్రం రెట్టింపైనట్టు అనిపించింది, నోట్లో సుద్దముక్క నమిలినట్టు. చల్లదనం వగరును, చేదును పైకి తెస్తుంది. కారం దాన్ని ఇంకా గరుకు చేస్తుంది. అంటే వగరు ఎక్కువున్న వైన్‌ను చల్లబరచలేం, వెచ్చగా ఉంచితే ఘాటు. ఈ ముడి బాటిల్ మార్చకుండా విడదు.

కావలసిన మందు గుణాలు ఇప్పుడు స్పష్టంగా కాగితం మీద రాయగలిగాను. వగరు తక్కువ ఉండాలి, అప్పుడే చల్లగా ఇవ్వగలం. ఆల్కహాల్ మితంగా ఉండాలి. పులుపు మాత్రం గట్టిగా ఉండాలి. ఎందుకంటే మన వంట చింతపండు వంట. చింతపండులో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలో ముఖ్యమైనదీ అదే! కూర వైన్ కంటే పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. ఇలాంటి జత మన వంటకు, ద్రాక్షకు దొరికిందని తెలిసినప్పుడు నాకు చిన్నపిల్లాడిలా సంతోషం వేసింది. ఓనర్‌కు చెప్పాను. "అయితే ధర తగ్గుతుందా?" అన్నారు.

ఈ మూడు గుణాలూ ఉన్న ద్రాక్ష అని వెతికితే ముందు తట్టే పేరు గామే. దాని ఊరు ఫ్రాన్స్‌లో మాకాన్, లియోన్ పట్టణాల మధ్య కొండల నేల బోజొలే. ఈ ద్రాక్షకు చిన్నచూపు కొత్త కాదు. 1395లో ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతాన్ని ఏలిన డ్యూక్ ఫిలిప్ గామే తీగలను పీకేయమని ఆజ్ఞ జారీ చేశాడు. దాంతో అది దక్షిణానికి, బోజొలే గ్రానైట్ నేలలకు పరిమితమైంది. అక్కడ అది బర్గండీలో కంటే బాగా పండింది, డ్యూక్ గారికి థాంక్స్ చెప్పాలి. రెండో చిన్నచూపు మన కాలంలోది. ప్రతి నవంబరు మూడో గురువారం విడుదలయ్యే బోజొలే నూవో. కోసిన కొన్ని వారాల్లోనే బాటిల్‌కు ఎక్కే పిందె వైన్ అది. దాన్ని తాగి బోజొలే అంటే అంతేననుకునేవాళ్లు చాలామంది. కానీ ఆ ప్రాంతంలో వైన్‌ను సొంత పేరుతో అమ్మే పది క్రూలు, అంటే మేలైన ద్రాక్ష నేలలు, ఉన్నాయి, మోర్గాన్, ఫ్లూరీ, మూలాన్-ఆ-వాన్ లాంటివి. అందులో ఒకటి కోట్ ద బ్రూయి.

ఎనిమిది బాటిళ్లు తెప్పించి లేబుళ్లు కప్పి రుచి చూశాం. గ్లాసు పక్కన మామూలుగా క్రాకర్లు పెడతారు, మేం గుత్తి వంకాయ, గోంగూర మాంసం, కోడి వేపుడు పెట్టాం. వైన్‌ను ఒంటరిగా రుచి చూసి కూరతో అమ్మడం అనేది పెళ్లికొడుకును ఫొటోలో చూసి ఒప్పుకున్నట్టే. కప్పు తీసి చూస్తే నేను, మాస్టర్ ఇద్దరం ఎంచింది షాతో తివాన్ అనే ఎస్టేటు వాళ్ల కోట్ ద బ్రూయి వైన్, పేరు లే సెత్ వీన్య.

తివాన్ గురించి కాస్త చెప్పాలి. బ్రూయి కొండ 484 మీటర్ల ఎత్తు, బోజొలే మైదానంలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. పాదాల దగ్గర ద్రాక్ష బ్రూయి క్రూ, వాలు మీద పండేది కోట్ ద బ్రూయి. వాలు మీద నీలి రాయి అనే గట్టి రాతి నేల. కొండ మీద ఓ చిన్న మేరీమాత గుడి ఉంది. 19వ శతాబ్దం మధ్యలో బూడిద తెగులు తీగలను నాశనం చేస్తున్నప్పుడు రైతులు మొక్కుకుని కట్టించింది. మన పొలిమేర పోలేరమ్మ గుడి లాంటిదే.

1877లో జకారీ జెఫ్రోయ్ అనే ఆయన తివాన్ ఎస్టేటును వేలంలో కొన్నాడు. అప్పుడు అది రెండు హెక్టార్లు. అప్పటి నుంచి ఈ రోజు దాకా అదే కుటుంబం. ఆయన మనవడు క్లోద్ 1930ల ఆర్థిక మాంద్యంలో, వైన్ అమ్ముడుపోక రైతులు దివాలా తీస్తున్న రోజుల్లో, కోట్ ద బ్రూయికి సొంత పేరు తెప్పించడానికి తిరిగినవాళ్లలో ఒకడు. 1938లో ఆ గుర్తింపు వచ్చింది. తర్వాత ఎస్టేటు కుటుంబంలో తర్వాతి తరాలకు, ఇప్పుడు క్లోద్-ఎదువార్ చేతికి వచ్చింది. లే సెత్ వీన్య అంటే ఏడు తోటలు. కొండ చుట్టూ కుటుంబానికి ఉన్న ఏడు చెక్కల ద్రాక్షను కలిపి చేసే వైన్. ఎండపొద్దు తగిలే చెక్క, నీడపట్టు చెక్క అన్నీ కలవడం వల్ల ఏ ఒక్క గుణమూ మొండికేయదు.

కుటుంబం నడిపే వైనరీ అనగానే భావుకత వద్దు. చెడ్డ వైన్ చేసే కుటుంబాలు నాకు బోలెడు తెలుసు. ఇక్కడ నాకు పనికొచ్చింది వాళ్ల పద్ధతి.

ద్రాక్షను చేత్తో కోసి, గుత్తులు గుత్తులుగానే తొట్టెలో వేస్తారు, నలపరు. అడుగున ఉన్న పళ్లు పైబరువుకు చితికి పులియడం మొదలుపెడతాయి. ఆ పులియడంలోంచి లేచే కార్బన్ డయాక్సైడ్ తొట్టెను నింపుతుంది. గాలి అందని పైపళ్లు చితక్కుండానే లోపలే, తమ ఎంజైములతోనే, కొద్దిగా పులుస్తాయి. తొక్క, గింజ నలగవు కాబట్టి వగరు తక్కువ దిగుతుంది. పండు వాసన మాత్రం పుష్కలం. సెమీ కార్బానిక్ అంటారు. తర్వాత ఓ ఆరు నెలలు పెద్ద పాత ఓక్ పీపాల్లో ఉంచుతారు. పీపా పాతది, పెద్దది కావడం ముఖ్యం. కొత్త చిన్న పీపా అయితే మళ్లీ వగరు, వెనీలా వాసన పట్టుకొచ్చేది. తాగితే చెర్రీ, కాస్త మిరియాలు, చివర్లో తడి రాయి వాసన. మనవాళ్లకు నేను చెప్పే వర్ణన వేరు: బాగా పండిన నేరేడు. అందులో వగరు ఓ చిటికెడు ఉంటుంది కదా, నేరేడు అనిపించడానికి అవసరమైనంత. ఆ చిటికెడే ఇందులోనూ ఉంది.

అమెరికాలోకి దీన్ని తెచ్చేది బర్క్‌లీలోని కెర్మిట్ లించ్ కంపెనీ. మాకు అరగంట, ముప్పావు గంట దూరం. ధర దగ్గర మాత్రం ఓనర్ అడ్డం తిరిగారు. పాత కాబర్నే కంటే బాటిల్ ఖరీదు. మా వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది, బాటిల్ కొన్న ధర మొదటి గ్లాసుకే రావాలి. ఆ లెక్కన గ్లాసు ధర పెట్టితే మా గెస్టులు కొనరు. పారబోసే వైన్‌ను కూడా ధరలో కలపమని అడిగాను. రెండు గ్లాసులు అమ్మి మూడు పారబోసే చౌక బాటిల్ చౌక కాదు. ఇంకోటి, 150 బదులు 75 మిల్లీలీటర్ల అర గ్లాసు పెట్టాం. ఇది ధర కోసమే మొదలెట్టినా వేరే లాభం కనిపించింది. శుక్రవారం రాత్రి కారు తోలుకుని ఇంటికెళ్లాల్సిన వాళ్లు నిండు గ్లాసు చూసి వద్దనేవారు, అర గ్లాసు తీసుకున్నారు.

వడ్డించే పద్ధతి నేనే రాసి గోడకు అంటించాను. బాటిల్ ఫ్రిజ్‌లోనే ఉంటుంది, గ్లాసు చేరేసరికి 13 డిగ్రీల దగ్గర ఉండాలి. కాబట్టి ఆర్డర్ రాగానే కాక, స్టార్టర్లు వెళ్లేటప్పుడు బయటికి తీయాలి. గ్లాసు మూడో వంతే నింపాలి. గెస్టు "ఫ్రిజ్‌లోంచి తెచ్చావేంటి, రెడ్ కదా?" అంటే వాదన వద్దు. "ఒక గుక్క ఇలా తాగండి, పది నిమిషాలాగి మళ్లీ తాగండి, మీకేది నచ్చితే అది" అనాలి. దాదాపు అందరూ చల్లటి గుక్కనే ఎంచుకున్నారు.

కూరల దగ్గర ఫలితాలు నేను అనుకున్నట్టు రాలేదు, ఇది రాయకపోతే కేసు సగమే. గోంగూర మాంసంతో బాగుంటుందనుకున్నాను, బాగానే ఉంది. మాంసం కొవ్వు, గోంగూర పులుపు, వైన్ పులుపు ఒకదాన్నొకటి తూకం వేశాయి. గుత్తి వంకాయతో మాత్రం నేనే ఆశ్చర్యపోయాను. వేరుశనగ, నువ్వుల కమ్మదనం, చింతపండు, కొంచెం బెల్లం, వాటి మధ్య ఈ వైన్ అక్కడే పుట్టినట్టు ఇమిడిపోయింది. శాకాహారులకు రెడ్ వైన్ అమ్మడం మా దగ్గర అక్కడే మొదలైంది. కోడి వేపుడు, ఉలవచారు బిర్యానీ పర్వాలేదు.

చేపల పులుసు ఘోరం. వైన్ గుక్క వెనకాల నోరంతా నీచు వాసన. రెడ్ వైన్‌లో ఉండే కొద్దిపాటి ఇనుము చేప కొవ్వును ఆ వాసనగా మారుస్తుంది. వగరు లేకపోయినా ఇనుము ఉంటుంది కదా, అది నేను మర్చిపోయాను. ఇప్పుడు మెనూలో చేపల పులుసు పక్కన వైట్ పేరే ఉంటుంది. ఆవకాయ సంగతి అడక్కండి. ఆవపిండి, ఉప్పు, నూనె, కారం నాలుగూ కలిసి వచ్చినప్పుడు ప్రపంచంలో ఏ వైన్ అయినా పక్కకు తప్పుకోవాల్సిందే. నాటుకోడి ఇగురు అసలు కారంతో తినేవాళ్లకు కూడా వైన్ వద్దనే చెప్తాను. వైన్ కారాన్ని ఆర్పదు, ఆర్పేది పెరుగు. పాలలోని కేసిన్ కాప్సైసిన్‌ను లాగేస్తుంది. ఆ పెద్దాయన మజ్జిగ అడిగి ఆ రోజు నా కంటే తెలివిగా ప్రవర్తించారు.

ఏడాది గడిచాక ఇంకో పాఠం. మేం మొదలుపెట్టింది 2020 వైన్‌తో. ఆ ఏడు అక్కడ ఎండలు బాగా కాసి కోతలు ఆగస్టులోనే మొదలయ్యాయి, వైన్ నిండుగా ఉండేది. ఆ సరుకు అయిపోయి 2021 వచ్చింది. ఆ వసంతంలో మంచు, ఎండాకాలమంతా వానలు. వైన్ పలచన, పులుపు ఎక్కువ. లేబుల్ అదే, బాటిల్ అదే. నోట్‌బుక్‌లో నేను గీయని నాలుగో గడి అవసరమైంది, 'పుల్లన'. వింతేంటంటే ఫిర్యాదులన్నీ కూరలు రాకముందే తాగేవాళ్ల నుంచి వచ్చాయి. గుత్తి వంకాయతో 2021 ఇంకా బాగుంది. కూరతోనే బాటిల్ తీసేలా క్రమం మార్చి, ముందే అడిగేవాళ్లకు ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఇచ్చాం. పెద్ద కంపెనీల వైన్ ఏటా ఒకేలా ఉండేట్టు కలిపి సరిచేస్తారు. కొండ మీద ఏడు చెక్కలున్న కుటుంబం వానను దాచలేదు, అది నాకు నచ్చుతుంది కానీ ప్రతి కొత్త సంవత్సరానికీ నేను మళ్లీ గోడ మీద కాగితం మార్చాలి.

పారబోయడం దాదాపు ఆగింది. బాటిల్ తెరిచిన రెండో రోజుకు అయిపోతోంది, మిగిలితే మాస్టర్ ఉన్నాడు. ఆ పెద్దాయన మళ్లీ రెండుసార్లు వచ్చారు. మొదటిసారి అర గ్లాసు ఊరికే ఇచ్చాను, తాగి ఏమీ అనలేదు, గ్లాసు మాత్రం ఖాళీగా వచ్చింది. రెండోసారి ఆయనే అడిగారు, "ఆ చల్లటిది తే బాబూ."

నోట్‌బుక్ ఇంకా ఉంచాను. వగరు గడి ఇప్పుడు దాదాపు ఖాళీ. ఘాటు గడి మాత్రం శనివారం రాత్రుళ్లు నిండుతూనే ఉంది. రద్దీలో ఫ్రిజ్ తలుపు నిమిషానికోసారి తెరవడం వల్ల లోపల 17 దాటిపోతోంది. కొత్త ఫ్రిజ్ అడిగితే ఓనర్ లెక్కలు చూస్తున్నారు. అందాకా బార్ కింద బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి రెండు బాటిళ్లు ముంచి ఉంచుతున్నాను.